పదిహేనో నంబరు

ఊనా టియర్నన్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పచ్చగుడ్డ అంచు మడిచి కుడుతోంది. ఎనభై రెండేళ్ళొచ్చినా సూదిలో దారం ఎక్కించడానికి ఇంకొకరిని పిలవాల్సిన అవసరం ఆమెకింకా రాలేదు. డ్రమ్‌కీల్ మైదానంలో కొత్త స్టాండు కట్టారు. గోడకి రాతిపలక బిగించారు. ఆదివారం జనం ముందు తాడు లాగేదాకా దాన్ని కప్పి ఉంచడానికి ఒక తెర కావాలి. "మీ ఆయన పేరున్న పలక. మీ చేత్తో కుడితేనే అందం" అన్నారు కౌంటీ కమిటీవాళ్ళు. సరేనంది. అన్నది మొదలు నాలుగు రోజులుగా ఆ అంచు కుట్టడం, నచ్చలేదని విప్పడం, మళ్ళీ కుట్టడం.

బల్ల దగ్గర గ్రాన్యా ప్రయర్ కాగితాలు సర్దుకుంటోంది. కౌంటీ లైబ్రరీలో పనిచేసే అమ్మాయి. మూడేళ్ళుగా కౌంటీ ఫుట్‌బాల్ జట్టు చరిత్ర రాస్తోంది. చేత్తో పట్టీ, కాలితో తన్నీ ఆడే ఈ దేశపు సొంత ఫుట్‌బాల్. నూట ముప్పై ఏళ్ళ ఆట. అందులో ప్రావిన్స్ కప్పు ఇంటికొచ్చింది ఒకే ఒక్కసారి. ఓడిపోయినవన్నీ ఎంతో ఓపిగ్గా రాసుకొచ్చిన అమ్మాయికి ఆ ఒక్క గెలుపు దగ్గరికి వచ్చేసరికి కళ్ళల్లో దీపాలు వెలిగాయి.

"చదవనా? మీరు వింటే నాకు ధైర్యం."

"చదువమ్మాయ్."

గ్రాన్యా గొంతు సవరించుకుంది. "పందొమ్మిదివందల అరవై మూడు, జూలై. పొద్దుటినుంచీ ఒకటే వాన. ఆట ముగియడానికి ఇంకా ఒక్క నిమిషముంది. మనవాళ్ళు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. పదిహేనో నంబరు జెర్సీ వేసుకున్న లోర్కన్ టియర్నన్ ఎడమ మూలలో బంతిని గాల్లోనే అందుకున్నాడు. మీద పడ్డ ఇద్దర్ని వదిలించుకుని, బురదలో జారుతూనే ఎడంకాలితో తన్నాడు. గోలు. మూడు పాయింట్లు. మన కౌంటీ చరిత్రంతా ఆ ఒక్క తన్నులో ఉంది." తలెత్తి చూసింది. "ఎలా ఉంది?"

ఊనా దారం పళ్ళతో కొరికింది. "బాగా రాశావు."

"ఆ రోజు మీరు అక్కడే ఉన్నారట కదా. గోలు చూశారా?"

"ఉన్నాను. చూళ్ళేదు. కార్లో కూర్చున్నాను."

"అయ్యో! వానకా?"

"ఊఁ. వాన కూడా."

గ్రాన్యా ఆ మాట పట్టించుకోలేదు. ఇంకో కాగితం తీసింది. "చిన్న సందేహం. అదే ఏడు మే నెలలో ఫింటన్ గాఫ్నీ అనే ఆటగాడి మీద రెండేళ్ళు నిషేధం వేశారు. మన మైదానంలో గీతలు గీసే ఆయనే కదూ?"

"ఆయనే. మా ఆయనకి తమ్ముడవుతాడు. వాళ్ళ అమ్మలు అక్కచెల్లెళ్ళు."

"ఇంగ్లీషువాళ్ళ ఫుట్‌బాల్ ఆడాడనా?"

"ఆడలేదు. చూశాడు. గట్టు మీద నిలబడి ఒక పూట చూశాడు. ఎవడో కమిటీ మనిషి పేరు రాసుకెళ్ళాడు. అప్పట్లో మన సొంత ఆట ఆడేవాళ్ళు ఇంగ్లీషువాళ్ళ ఆటలు చూడను కూడా కూడదని నియమం."

"కమిటీ సమావేశాల మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యముంది. నేనూ ఒక్క వాక్యమే రాశాను. ఆయన గురించి ఇంకెక్కడా ఏమీ దొరకలేదు, పాపం." కాగితాలు సంచిలో పెట్టుకుంటూ లేచింది. "సోమవారం అచ్చుకి పంపించేస్తాను. శనివారం వచ్చి పెళ్ళి ఫోటో పట్టుకెళ్తా. మీ ఆయన పేజీలో వేద్దాం."

ఆ పిల్ల సైకిలెక్కి మలుపు తిరిగేదాకా ఊనా కిటికీలోంచి చూస్తూనే ఉంది. తర్వాత ఒళ్ళో గుడ్డకేసి చూసుకుంది. ఒక్క వాక్యం. అరవై ఒక్కేళ్ళకి ఒక్క వాక్యం.

మర్నాడు శుక్రవారం. పదిన్నర బస్సెక్కి డ్రమ్‌కీల్‌లో దిగింది. రాత్రి కురిసిన వానకి గడ్డి ఇంకా తడిగా ఉంది. మైదానం ఆ చివర ఫింటన్ గీతల బండి తోస్తున్నాడు. రెండు మేకుల మధ్య దారం బిగించి కట్టాడు. బండి చక్రం ఆ దారం పక్కనే నడుస్తోంది. తెల్లరంగు సన్నగా, ఒకే వెడల్పున గడ్డి మీద పడుతోంది. అతను మాత్రం చక్రంకేసి చూడడం లేదు. దూరంగా ఉన్న మేకునే చూస్తూ ఒకే వేగంతో వస్తున్నాడు. కిందికి చూస్తూ తోస్తే గీత వంకర పోతుందని అతని లెక్క. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. మోకాళ్ళు వంగవు. గీత మాత్రం వంకర పోదు.

"అక్కడే ఆగు. తడిగీత తొక్కావంటే ఊరుకోను" అని అరిచాడు.

"నీ గీత నాకెందుకు? నువ్వే రా."

బండి ఆపి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చాడు. ఊనా సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూతలో టీ పోసింది. వెన్న రాసిన సోడా రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చింది. ఇద్దరూ స్టాండు మెట్టు మీద కూర్చున్నారు. వెనక గోడ మీద పలకకి ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది.

"అక్షరాలకి బంగారు రంగు కూడా వేశారు" అన్నాడు ఫింటన్ రొట్టె నములుతూ. "వాడుంటే సిగ్గుపడి పశువుల కొట్టంలోకి పారిపోయేవాడు."

"ఆ గోలు మాటెత్తితే చాలు, ఎప్పుడూ అంతే పారిపోయేవాడు. ఎందుకో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఫింటన్ మిగిలిన రొట్టె ముక్క మళ్ళీ కాగితంలో చుట్టాడు.

"పుస్తకం సోమవారం అచ్చుకెళ్తుందట. నేను ఆ అమ్మాయికి చెప్పేస్తున్నా, ఫింటన్."

"ఏమని?"

"పదిహేనో నంబరు ఆ పొద్దున నా చేత్తో నేనే కుట్టాను. అది ఎవరి వీపు మీద మైదానంలోకి వెళ్ళిందో చెప్తాను."

అతను మూతలోని టీ గడ్డి మీద పారబోశాడు. "టీ చల్లారిపోయింది."

"ఇప్పుడేగా పోశాను!"

"ఊనా, వద్దు. ఉన్నదలా ఉండనీ."

"ఆయన పోయే ముందు నన్నేమడిగాడో తెలుసా? ఆ గోలు ఫింటన్‌కి ఇచ్చెయ్యి, అన్నాడు."

"గోలేమన్నా గొర్రెపిల్లా, తాడు కట్టి తోలుకొచ్చి ఇచ్చెయ్యడానికి?"

ఊనాకి నవ్వొచ్చింది. అది అణుచుకోడానికి పెదాలు బిగించింది. "తొమ్మిదేళ్ళయింది ఆ మాట అని. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు పలక వేస్తున్నారు, పుస్తకం వేస్తున్నారు. ఇంకెప్పుడు చెప్తాను?"

"నిషేధం ఉన్నవాణ్ణి దొంగపేరుతో ఆడించారని తెలిస్తే కప్పు లాగేసుకుంటారు."

"ఎవరు లాక్కుంటారు? అప్పటి కమిటీలో ఒక్కడు మిగిల్లేదు. ఆ నిషేధాన్ని ఎత్తేసి యాభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు చెప్తే నవ్వుతారు, అంతే."

ఫింటన్ చేతులకి అంటిన తెల్లరంగుని గోటితో గీకుతూ కూర్చున్నాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "కప్పు సంగతి కాదులే. వాడికి ఆ పొద్దున కాళ్ళూ చేతులూ ఆడలేదు. భయం. అందరికీ ఏదో ఒక రోజు వస్తుంది, వాడికి ఆ రోజొచ్చింది. ట్రైనర్ కార్లో సీటు ముందు కింద కోటు కప్పుకుని పడుకున్నాడని కౌంటీ అంతా చదవాలా? కార్మాక్ చదవాలా? వాడి పిల్లలు చదవాలా?"

"మరి నువ్వు? ఇంగ్లీషు ఆట చూసి నిషేధం తెచ్చుకున్నవాడిగానే మిగిలిపోతావా? ఒక్క వాక్యం రాసిందిరా ఆ పిల్ల నీ గురించి. ఒకే ఒక్క వాక్యం."

"నాకేం తక్కువైంది? అరవయ్యేళ్ళుగా అంత్యక్రియల దగ్గరా, పశువుల సంతలోనూ, పబ్బులోనూ ఆ గోలు గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. నేను పక్కన నిలబడి వింటూనే ఉన్నాను. ఏటేటా ఇంకో గజం దూరం నుంచి తన్నిస్తున్నారు." అతను నవ్వాడు. "పేరు ఎవరిదైతేనేం. తన్నింది ఏ కాలో నాకు తెలుసు. చాలు."

"నీకు చాలేమో. నాకు చాలదు."

ఫింటన్ లేచాడు. లేవడానికి స్టాండు కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది. "నువ్వు చెప్పావంటే నేను కాదంటాను. ముందే చెప్తున్నా." వెళ్ళి బండి పట్టుకుని, దూరంగా ఉన్న మేకుకేసి చూస్తూ మళ్ళీ తోసుకుపోయాడు.

శనివారం మధ్యాహ్నం గ్రాన్యా ఫోటో కోసం వచ్చేసరికి కార్మాక్ కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఊనాకి ఒక్కడే కొడుకు. యాభై ఆరేళ్ళు. కరెంటు పనులు చేస్తాడు. ఆదివారం తాడు లాగేది అతనే. రెండు ముక్కలు మాట్లాడమన్నారని వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ కాగితం చూసి గొణుక్కుంటున్నాడు. ఊనా పుల్లటి రేవల్చిని కాడలతో చేసిన టార్టు కోసి ముగ్గురికీ పళ్ళేల్లో పెట్టింది. తను కూర్చుంది. చేతులు బల్లమీద పెట్టుకుంది.

"కార్మాక్, ఆ కాగితం కింద పెట్టు. గ్రాన్యా, నువ్వూ విను. ఆ గోలు మీ నాన్న వెయ్యలేదు. ఫింటన్ వేశాడు."

కార్మాక్ నవ్వాడు. తల్లి మొహం చూసి నవ్వాపేశాడు.

ఊనా పెద్దగా ఏమీ చెప్పలేదు. అప్పటికింకా వాళ్ళకి పెళ్ళి కాలేదు; జట్టు జెర్సీలకి నంబర్లు కుట్టే పిల్లగా, ఆ పొద్దున మూట పట్టుకుని తనూ ట్రైనర్ కార్లోనే వచ్చింది. మైదానం గేటు దగ్గరికి రాగానే లోర్కన్ గోడ పక్కకెళ్ళి వాంతి చేసుకున్నాడు. వెనక్కొచ్చాక నిలబడలేకపోయాడు, బూట్ల తాళ్ళు కట్టుకోడానికి వేళ్ళు రాలేదు. ట్రైనర్ ఒక్క నిమిషం ఆలోచించి, ఆట చూడ్డానికొచ్చిన ఫింటన్‌ని గట్టు మీంచి చెయ్యి పట్టుకు లాక్కొచ్చాడు. ఇద్దరిదీ ఒకే ఎర్రజుట్టు, ఒకే కోలమొహం. ఆ వానలో, ఆ బురదలో ఎవరికి ఎవరు తెలుస్తారు? "ఆటంతా మీ నాన్న తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బయటికి చెప్పకూడదని జట్టులోవాళ్ళు ప్రమాణం చేశారు. ఇప్పుడు వాళ్ళలో మాట్లాడగలిగినవాడు ఫింటన్ ఒక్కడే."

గ్రాన్యా పెన్సిలు తీసింది. రాయకుండా అలాగే పట్టుకుంది.

కార్మాక్ మొహం పాలిపోయింది. "అమ్మా, ఆ గోలు గురించి నేను బళ్ళో కొట్లాడి పన్ను ఊడగొట్టుకున్నాను. నాన్న ఒక్క మాటైనా అనలేదే?"

"నీ పన్ను చూసి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. చెప్పేస్తానన్నాడు. కప్పు పోతుందని ఫింటన్ ఆపాడు. ఎన్నిసార్లు చెప్పబోయినా ఆపింది ఫింటనే."

కార్మాక్ ఫోను తీసి బల్లమీద పెట్టి నంబరు నొక్కాడు. ఫింటన్ గొంతు గరగరలాడుతూ వంటిల్లంతా వినబడింది.

"బాబాయ్, అరవై మూడు ఫైనల్లో నువ్వు ఆడావా?"

అవతల తలుపు వేసిన చప్పుడయింది. ఎక్కడో కుక్క మొరిగింది.

"నాకు నిషేధం కదరా అప్పుడు" అన్నాడు ఫింటన్. "నేనెలా ఆడతాను?"

"అమ్మ అంటోంది, గోలు నువ్వు వేశావని."

"అమ్మా? నిన్న మైదానానికి వచ్చి నన్నూ ఏదో అడిగింది." మళ్ళీ కాసేపు మౌనం. "పెద్దదయిపోయింది కదరా. అవీ ఇవీ కలిసిపోతుంటాయి. మెల్లిగా చూసుకో. కోప్పడకు."

ఫోను పెట్టేశాడు. ఊనా బల్లమీద చేతులు కదపలేదు. ఎడంచేతి బొటనవేలు మాత్రం చూపుడువేలి మీద సూది గుచ్చుకుని గట్టిపడిన చోటు రుద్దుతూ ఉంది.

కార్మాక్ వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొంతు మారిపోయింది. అక్షరం అక్షరం విడదీసి, కొంచెం గట్టిగా మాట్లాడ్డం మొదలుపెట్టాడు. "అమ్మా, ఈ మధ్య నిద్ర సరిగ్గా పడుతోందా? మాత్రలు వేళకి వేసుకుంటున్నావా? సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దాం, సరేనా?"

"నాకు చెవుడు లేదురా."

"లేదమ్మా, లేదు" అని చెయ్యి నిమిరాడు. లేచి స్టవ్ ఆపి ఉందో లేదో చూశాడు. ఆపే ఉంది. అయినా మళ్ళీ తిప్పి చూశాడు.

గ్రాన్యా వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. పెళ్ళి ఫోటో చేతిలో ఉంది. ఏదో అనబోయి, వెనక కార్మాక్ నిలబడి ఉండడం చూసి, ఊనా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఊనా తెర పూర్తిచేసింది. అంచు ఈసారి విప్పలేదు. ఫింటన్ అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. అవీ ఇవీ కలిసిపోతుంటాయట. కోపం కంటే, అంతసేపు ఆలోచించుకుని మరీ అన్నాడే అన్నదే ఎక్కువ బాధగా ఉంది. గుడ్డ ఇస్త్రీ చేసి మడతపెట్టింది. మడత మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక తల్లిని కార్లో ఎక్కించుకుని కార్మాక్ మైదానానికి తీసుకొచ్చాడు. ఎండ బాగా కాసింది. కౌంటీ రంగులు కట్టుకున్న పిల్లలు గట్టు మీద దొర్లుతున్నారు. చారిటీ ఆట కోసం రెండు కౌంటీల జట్లూ గోల్‌పోస్టుల దగ్గర బంతులు తన్నుకుంటున్నాయి. టీ బల్లల దగ్గర వరసకట్టిన ఆడవాళ్ళు ఊనాని చూసి దారిచ్చారు. కార్మాక్ ఆమె మోచెయ్యి వదలడం లేదు.

"మెట్టుందమ్మా. మెట్టు. నెమ్మది."

"కనిపిస్తోందిరా."

"అమ్మకి ఒంట్లో అంత బాగాలేదు" అని పక్కవాళ్ళకి గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్ళు జాలిగా తలలూపారు. ఆమెకి కుర్చీ తెచ్చి వేశారు. ఊనా కూర్చోలేదు.

ఫింటన్ మంచి కోటు వేసుకుని, టై బిగించుకుని, గోడవారగా నిలబడి ఉన్నాడు. ఊనా అతనికేసి చూసింది. అతను మైదానం గీతలకేసి చూశాడు.

అప్పుడే అవతలి కౌంటీ నుంచి చిన్న బస్సొచ్చి గేటు దగ్గర ఆగింది. అరవై మూడులో ఓడిన జట్టు నుంచి మిగిలినవాళ్ళని కమిటీ పిలిచింది. మిగిలింది ఇద్దరే. ఒకాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. రెండోవాడు బార్ట్‌లీ కోయిన్. లండన్‌లో నలభయ్యేళ్ళు సొరంగాలు తవ్వి, ముసలితనంలో సముద్రపు ఒడ్డున సొంతూరు చేరిన మనిషి. కర్ర ఉంది కానీ నేలకి ఆనించడం కంటే గాల్లో ఊపడమే ఎక్కువ. ఆ రోజు రెండో నంబరు తనేనని, పదిహేనో నంబరుని కాసింది తనేనని, వద్దన్నవాళ్ళకి కూడా చెప్పుకుంటూ వస్తున్నాడు.

"చనిపోయాడని చెప్పారు పాపం. బతికుండగా ఒక్కసారి చూసి ఉండాల్సింది. అరవయ్యేళ్ళు నా నిద్ర చెడగొట్టిన వెధవ" అంటూ చేతులు కలుపుతూ కలుపుతూ గోడవార దాకా వచ్చాడు. ఫింటన్‌కి చెయ్యిచ్చాడు. ఇచ్చిన చెయ్యి వదల్లేదు. మొహంలో మొహం పెట్టి చూశాడు.

"ఒరేయ్ టియర్నన్!"

ఆ అరుపుకి టీ బల్లల దగ్గరవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"చచ్చావన్నారు కదరా! అబద్ధాలకోరుల కౌంటీరా మీది! నిక్షేపంలా నిలబడ్డావు!"

ఫింటన్ చెయ్యి లాక్కోబోయాడు. "నువ్వు పొరబడ్డావయ్యా. లోర్కన్ మా అన్న. పోలికలు కలుస్తాయి మాకు. నా పేరు గాఫ్నీ."

"పోలికలా?" బార్ట్‌లీ కర్ర చంకలో పెట్టుకుని, ఫింటన్ గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పాడు. ఎడమ కనుబొమని బొటనవేలితో తడిమాడు. కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని సన్నటి తెల్లచార ఉంది. "ఇదేమిటి? ఇది పోలికా? ఇది నా మోచెయ్యి! రెండో సగం మొదట్లో పెట్టాను. కావాలనే పెట్టాను, అరవయ్యేళ్ళుగా దేవుడికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. నెత్తురు కారుతుంటే తుడుచుకుంటూ వచ్చి నా మీదుగానే వేశావు కదరా ఆ గోలు!"

కార్మాక్ నోరు తెరిచాడు. "ఆ మచ్చ గేటు తగిలి పడిందన్నావుగా, బాబాయ్?"

ఫింటన్ ఇంకా కాదనేవాడే. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా, ఊనాకి కనిపించింది. కానీ అతని చూపు కార్మాక్ చేతి మీద పడింది. ఆ చెయ్యి ఆమె మోచేతి కింద, దారి తప్పే పిల్లని పట్టుకున్నట్టు, గట్టిగా పట్టుకుని ఉంది. కుర్చీ తెచ్చినావిడ ఇంకా జాలిగా చూస్తూనే ఉంది. ఫింటన్ కాసేపు ఆ చేతికేసే చూశాడు. టై ముడి వదులు చేసుకున్నాడు.

"మీ అమ్మ చెయ్యి వదులు, కార్మాక్" అన్నాడు. "ఆమెకి మతి నిక్షేపంగా ఉంది. ఆమె చెప్పిందంతా నిజం. నిన్న అబద్ధమాడింది నేను." బార్ట్‌లీకేసి తిరిగాడు. "అవును. నేనే. నీ మోచెయ్యి రాయిరా బాబూ."

కార్మాక్ చెయ్యి జారిపోయింది. తల్లికేసి తిరిగాడు. ఊనా అతని కాలరు సర్ది, "వెళ్ళు. నీ పేరు పిలుస్తున్నారు" అంది.

నిజంగానే మైకులో పిలుస్తున్నారు. కార్మాక్ వెళ్ళి పచ్చతెర పక్కన నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తాడు పట్టుకోలేదు.

"అరవై మూడు గోలు" అన్నాడు. "ఆ గోలు మా నాన్న వెయ్యలేదు. ఆ రోజు ఆయనకి ఒంట్లో శక్తి లేకపోయింది. ఆయన జెర్సీ వేసుకుని, ఆయన పేరుతో ఆడి, గోలు వేసింది అదుగో, గోడ దగ్గరున్న ఫింటన్ గాఫ్నీ. మా నాన్న ఈ మాట ఎన్నోసార్లు చెప్పబోయాడట. కుదరలేదు. ఆయన బదులు నేను చెప్తున్నాను."

గోలు దగ్గర ఎవరో తన్నిన బంతి వలకి తగిలిన చప్పుడు కూడా వినిపించింది. కార్మాక్ చెమట తుడుచుకున్నాడు.

గట్టు మీద, గొడుగు కర్రలా పట్టుకుని కూర్చున్న తొంభయ్యేళ్ళ ముసలాయన గొంతు పెద్దదిగా లేచింది. "మాకెప్పుడో తెలుసులేరా! ఆ తాడు లాగు, టీ చల్లారిపోతోంది!"

"మాకూ తెలుసు!" అందొక ముసలావిడ ఇటువైపు నుంచి. "గట్టు మీద మా పక్కనుంచేగా లాక్కెళ్ళారు ఫింటన్‌ని!"

ముందు ఒక చోట, తర్వాత అన్ని చోట్లా నవ్వులు మొదలయ్యాయి. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని పట్టుకుని ఏమిటి ఏమిటని అడుగుతున్నారు. ఆ నవ్వుల్లోంచే చప్పట్లు లేచాయి. అవి ఎంతకీ ఆగలేదు. ఫింటన్ కోటు గుండీ పెట్టుకుంటూ తీస్తూ నిలబడ్డాడు. బార్ట్‌లీ అతని భుజం మీద చరుస్తూనే ఉన్నాడు. కార్మాక్ తాడు లాగాడు.

ఆట మొదలయ్యే వేళకి ఊనా, ఫింటన్, బార్ట్‌లీ కొత్త స్టాండు మొదటి వరసలో కూర్చున్నారు. గ్రాన్యా మెట్ల మీంచి వంగి అడిగింది: "పలక మార్పించమని కమిటీకి చెప్పనా? పుస్తకంలో నేనెలాగూ మారుస్తాను. ఈ రాత్రికే ఆ పేజీ మళ్ళీ రాస్తాను."

"పుస్తకం నీ ఇష్టం. పలక ఉండనీ" అన్నాడు ఫింటన్. "ఆ రోజు జనం అరిచిన పేరు అదే. నా చెవులతో విన్నాను." తర్వాత ఊనాకేసి తిరగకుండానే అన్నాడు: "నిన్న నీ గురించి అన్న మాట..."

"అన్నావులే. విన్నాను."

"తప్పయింది, ఊనా."

"తప్పే. మళ్ళీ అన్నావంటే నీ రెండో కనుబొమ నేను చూసుకుంటా." సంచిలోంచి ఫ్లాస్కు తీసి అతని చేతిలో పెట్టింది. "ఫింటన్, ఆ రోజు కార్లో జరిగిందొకటి నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

"ఏమిటది?"

"అద్దాలు మూసుకుని కూర్చున్నాం. బయటినుంచి ఒక్కసారి అరుపు. కారు ఊగిపోయినంత అరుపు. టియర్నన్, టియర్నన్ అని. ఆయన కోటు కిందినుంచి తల బయటికి పెట్టి, నా మొహంలోకి చూసి, 'గోలు ఎవరు వేశారు?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"'నువ్వే' అన్నాను."

ఫింటన్ ఫ్లాస్కు పక్కన పెట్టాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గులోంచి మళ్ళీ నవ్వులోకి వచ్చింది. ఏమైందని బార్ట్‌లీ కర్రతో పొడుస్తున్నాడు. ఫింటన్ ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"వాడేం చేశాడు?"

"ఏం చేస్తాడు? ఆయనా ఇలాగే నవ్వాడు. పొద్దుటినుంచి వణికిన మనిషి, కార్లో కింద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. అది చూసి నేను అనుకున్నాను, చేసుకుంటే ఈ మనిషినే చేసుకోవాలని."

రిఫరీ ఈల వేశాడు. మైదానం మధ్యలో బంతి పైకి లేచింది. నలుగురు కుర్రాళ్ళు దాని కోసం ఒకేసారి ఎగిరారు. ముగ్గురు ముసలివాళ్ళూ ముందుకు వంగి చూశారు.